సౌండ్ రాకపోతే దేన్నీ తీసెయ్యకు తల్లీ

కావలి

చిరంజీవి తల్లికి మామయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఒంగోలులో చూపులేని పిల్లలుండే హాస్టల్‌కి ఎవరో పాత డెస్క్‌టాప్‌లు ఇచ్చారట. ఈ సెలవుల్లో వాటిలో విండోస్ లాంటిదే అయిన లైనక్స్ ఎక్కించి, తెర మీద ఉన్నది చదివి వినిపించే ఓర్కా పెట్టి, పిల్లల చేత నువ్వే వాడిస్తానన్నావట. నా మేనకోడలు ఇంత పని తలకెత్తుకుందని మీ అత్తయ్యకి ఒకటికి రెండుసార్లు చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మన కంప్యూటర్‌లో సౌండ్ పోతే పాటో సినిమానో ఆగుతుంది, అంతే. ఆ పిల్లలకి సౌండ్ పోయిందంటే కంప్యూటరే పోయినట్టు. కీబోర్డు చేతి కిందే ఉంటుంది, ఏం నొక్కినా జవాబు రాదు. తనే ఏదో పాడుచేశానని ఆ బిడ్డ అనుకుంటుంది. నా భయమంతా దాని గురించే. ఫోన్‌లో చెబితే నువ్వు "సరే మామయ్యా, సరే మామయ్యా" అని పెట్టేస్తావు కాబట్టి రాసి పంపుతున్నా.

నీకు తెలిసినవి ముందు ముగించేస్తాను. స్పీకర్లకి విడిగా కరెంటు, విడిగా స్విచ్ ఉంటాయి, వాటిని చూడు. స్పీకర్ పిన్ను వెనక వైపు ఆకుపచ్చ రంధ్రంలో ఉండాలి. గులాబీది మైకుకి, నీలం బయటి నుంచి సౌండ్ లోపలికి తీసుకోవడానికి. అదే స్పీకర్‌ని ఫోన్‌కి పెట్టి మోగుతుందో లేదో చూడు. సెట్టింగ్స్‌లో మ్యూట్ పడిందేమో చూడు. అదే మెషిన్‌లో విండోస్ కూడా ఉంటే ఒకసారి పూర్తిగా ఆపి, ప్లగ్ పీకి, మళ్లీ పెట్టు. విండోస్ ఒక్కోసారి సౌండ్ కార్డుని సగం నిద్రలో వదిలి వెళ్తుంది.

ఇవన్నీ సరిగ్గానే ఉండి కూడా సౌండ్ రాకపోతే అప్పుడు బుర్ర పెట్టాలి. సాగర్ కాలువ చివరి ఆయకట్టు రైతు నీళ్లు రాకపోతే ఏం చేస్తాడు? తన మడవ దగ్గర మొదలుపెట్టి గట్టు మీద పైకి నడుచుకుంటూ పోతాడు, నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో చూస్తాడు. నువ్వూ అట్లాగే వెళ్లు. లైనక్స్‌లో అన్నిటికంటే అడుగున, కెర్నెల్ అనే దాని గుండెకాయలో, ఆల్సా ఉంటుంది. సౌండ్ కార్డుతో మాట్లాడేది అదే. దాని మీద పైప్‌వైర్ కూర్చుని ఏ ప్రోగ్రామ్ సౌండ్ ఎటు పోవాలో చూసుకుంటుంది. నీ పిల్లల విషయంలో ఆ పైన ఇంకో రెండు మెట్లున్నాయి. అక్షరాన్ని గొంతుగా మార్చే ఈస్పీక్, దానికీ ఓర్కాకీ మధ్య మాట అందించే స్పీచ్ డిస్పాచర్.

ముందు టెర్మినల్‌లో "ఏప్లే -ఎల్" కొట్టు. కెర్నెల్‌కి కనబడుతున్న కార్డులు చూపిస్తుంది. అక్కడ ఏమీ రాకపోతే "ఎల్ఎస్‌పీసీఐ" కొడితే మెషిన్‌లో ఉన్న పరికరాల జాబితా వస్తుంది, అందులో ఆడియో అన్న మాట ఉన్న వరుస కోసం వెతుకు. అక్కడా లేదంటే బయోస్‌లోకి, అంటే మెషిన్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల్లోకి వెళ్లి మదర్‌బోర్డు మీది ఆడియోని ఎవరైనా ఆపేశారేమో చూడు. ఆఫీసుల్లో వాడి ఇచ్చేసిన మెషిన్లలో ఇది తరచూ ఉంటుంది. వరుస ఉండి కార్డు మాత్రం రాలేదంటే డ్రైవర్ దగ్గర చిక్కు. అప్పుడు "డీమెసేజ్" (dmesg) కొట్టి కెర్నెల్ రాసిపెట్టిన సందేశాలు చదవాలి.

కార్డు కనబడుతుంటే ఆల్సామిక్సర్ తెరువు. ఎఫ్6 నొక్కి సరైన కార్డు ఎంచుకో. గడి కింద రెండు ఎం అక్షరాలుంటే అది మూసి ఉన్నట్టు, ఎం నొక్కితే తెరుచుకుంటుంది. ఇక్కడా బాగానే ఉండి, సెట్టింగ్స్‌లో మాత్రం "డమ్మీ అవుట్‌పుట్" అని ఒక్కటే కనబడుతోందంటే తప్పు కార్డుది కాదు, పైప్‌వైర్ దగ్గర ఆగింది. "సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ రీస్టార్ట్ పైప్‌వైర్ పైప్‌వైర్-పల్స్ వైర్‌ప్లంబర్" అని ఇవ్వు. ముందు సుడో (అడ్మిన్ హక్కుతో నడిపించే మాట) పెట్టకు, అవి మనిషికి ఒకటిగా నడిచే సర్వీసులు.

పాట వస్తోంది, ఓర్కా మాత్రం పలకడం లేదంటే పై మెట్ల మీద చూడు. "ఈస్పీక్-ఎన్‌జీ -వీ టీఈ" అని కొట్టి ఒక తెలుగు మాట ఇచ్చి చూడు. అది పలికితే "ఎస్‌పీడీ-సే"తో స్పీచ్ డిస్పాచర్‌ని చూడు. అదీ పలికితే మిగిలింది ఓర్కానే. సూపర్, ఆల్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే లేస్తుంది.

ఒక్కోసారి ఒక్కటే మార్చు. మార్చిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో రాసుకో. చిన్నప్పుడు లెక్కలు మనసులోనే చేసేసి జవాబు మాత్రం రాసేదానివి, మాస్టారు మార్కులు కోసేసేవారు, గుర్తుందా? ఇక్కడ ఆ పని చెయ్యొద్దు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే చీమకుర్తి వైపు ఒక పల్లెలో ఉండే తెలుగు మాస్టారి గురించి చెప్పాలి. నీకు ఆయన తెలియదు. నడివయసులో చూపు పోయింది. రిటైరయ్యాక ఒక డెస్క్‌టాప్ కొనుక్కుంటే, ఉబుంటు అనే రకం లైనక్స్, ఓర్కా పెట్టి ఇచ్చాను. వేళ్లతో కీబోర్డు తడుముకుంటూ నేర్చుకున్నారు. నోటికి వచ్చిన పద్యాలన్నీ మైకులో చదివి, ఒక్కోదానికి తన వ్యాఖ్యానం చెప్పి దాచుకునేవారు. కొన్నిటిలో మధ్యలో ఆయన భార్య గొంతు వచ్చేది, కాఫీ తెచ్చేదా అని. ఆవిడ పోయాక కూడా ఆ ముక్కలు చెరపలేదు, వాటిని పెట్టుకుని వినేవారు.

ఒకరోజు పొద్దున మెషిన్ పలకలేదు. ఊళ్లోనే రిపేర్లు చేసే కుర్రాడు ఒకడున్నాడు. చెడ్డవాడు కాదు, మాస్టారి దగ్గర చదువుకున్నవాడే, పైసా తీసుకోడు. ఆయన కంగారు చూసి వాడికీ కంగారు పుట్టింది. ఎక్కడో చదివాడు, సౌండ్ రాకపోతే పల్స్‌ఆడియో, అంటే పైప్‌వైర్‌కి ముందు ఆ పని చేసినది, తీసెయ్యమని. ఆ సలహా వాడు పుట్టించింది కాదు. ఉబుంటులోకి పల్స్‌ఆడియో 2008లో 8.04తో వచ్చింది. కొత్తలో చాలామంది మెషిన్లలో ఇబ్బంది పెట్టింది. తీసేస్తే బాగయిందని అప్పట్లో ఎంతోమంది రాసుకున్నారు. తర్వాత అది కుదురుకుంది, పాత రాతలు మాత్రం అట్లాగే ఉండిపోయాయి. కుర్రాడు తీసెయ్యమని ఆజ్ఞ ఇచ్చాడు. దీంతోపాటు ఇవి కూడా పోతాయి, సరేనా అని మెషిన్ పొడుగాటి జాబితా చూపించి అడిగింది. వాడు చదవకుండా వై నొక్కాడు. తిరిగి ఆన్ చేస్తే డెస్క్‌టాప్ లేదు. నల్లటి తెర, ఒక గీత.

అమ్మాయ్, అప్పటికి కూడా ఏమీ మించిపోలేదు. ఏమేం తీసేశారో, ప్రోగ్రామ్‌లని ఎక్కించే, తీసే ఆప్ట్ తన హిస్టరీ లాగ్‌లో వరుసగా రాసి పెడుతుంది. ఆ నల్లటి తెర మీదే ఉబుంటు డెస్క్‌టాప్ ప్యాకేజీని మళ్లీ ఎక్కించమంటే అన్నీ తిరిగొచ్చేవి, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉండేవి. వాడికి ఆ సంగతి తెలియదు. సాయంత్రంలోపు మాస్టారికి మెషిన్ బాగుచేసి ఇవ్వాలన్న ఆత్రంలో పెన్‌డ్రైవ్ పెట్టి, డిస్క్ మొత్తం తుడిచి కొత్తగా ఎక్కించమన్నాడు. రికార్డింగులన్నీ హోమ్ ఫోల్డర్‌లోనే ఉన్నాయి. ఇంకెక్కడా కాపీ లేదు.

కొత్త ఉబుంటులో కూడా సౌండ్ రాలేదు.

మర్నాడు నేను వెళ్లేసరికి మాస్టారు అరుగు మీద కూర్చున్నారు. కుర్రాడు లోపల మెషిన్ ముందు కూర్చుని ఏడుస్తున్నాడు. టార్చి వేసి ముందు వైపు హెడ్‌ఫోన్ రంధ్రంలోకి చూశాను. లోపల విరిగిన పిన్ను మొన ఇరుక్కుని ఉంది, దాని చుట్టూ గ్రానైట్ దుమ్ము గట్టిగా పట్టింది. ముందు హెడ్‌ఫోన్ పెట్టారనుకుంటే చాలా కంప్యూటర్లు వెనక స్పీకర్ల నోరు తమంతట తామే నొక్కేస్తాయి. ఆల్సామిక్సర్‌లో దాన్ని ఆటో-మ్యూట్ అంటారు. హెడ్‌ఫోన్ లేకపోయినా ఆ మొన వల్ల ఉన్నట్టు లెక్క పడింది. సన్న పట్టకారుతో పట్టి లాగితే ఊడివచ్చింది. వెంటనే స్పీకర్ మోగింది. వాడు ముట్టుకున్న సాఫ్ట్‌వేర్‌లో మొదటి నుంచీ ఏ తప్పూ లేదు.

మాస్టారు వాణ్ణి ఒక్క మాట అనలేదు. పద్యాలు మళ్లీ చదువుతాను, నువ్వు పక్కన కూర్చో అన్నారు. చదివారు కూడా, కొన్ని. కాఫీ అడిగిన గొంతుని మళ్లీ తేవడం మా ఇద్దరి వల్లా కాదు కదా.

కాబట్టి ఆప్ట్‌తో ఏదైనా తీసేసే ఆజ్ఞ ఇచ్చేముందు దానికి "-ఎస్" చేర్చి ఇవ్వు. ఏమీ తీయకుండా, తీస్తే ఏమేం పోతాయో మాత్రం చెబుతుంది. పిల్లలు ఏదైనా దాచుకోవడం మొదలుపెట్టిన రోజు నుంచే రెండో కాపీ వేరే డిస్క్‌లో ఉండాలి. అసలు ఎక్కించకముందే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి సౌండ్ వస్తుందో లేదో చూడు. రేపు ఎప్పుడైనా సౌండ్ పోతే అదే పెన్‌డ్రైవ్ పెట్టు. అందులో మోగితే తప్పు సెట్టింగులలో ఉంది, అందులోనూ మోగకపోతే ముందు వైరూ రంధ్రమూ చూడాలి. డిస్క్‌ని తాకకుండానే సగం సంగతి తేలిపోతుంది.

ఇంకోటి, నువ్వు చదివే సలహా ఏ కాలానిదో చూసుకో. ఉబుంటు 22.10 నుంచి, అంటే 2022 అక్టోబర్ నుంచి, పల్స్‌ఆడియో చేసే పని పైప్‌వైర్ చేస్తోంది. నువ్వు పెట్టబోయేది 24.04 అని మీ అమ్మ చెప్పింది. పాత పల్స్‌ఆడియో మందు దానికి వెయ్యకు.

నీ పిల్లలకే ప్రత్యేకంగా వచ్చే ఇబ్బందులు ఇంకొన్ని ఉన్నాయి, మామూలుగా ఎవరూ వాటి గురించి రాయరు. మానిటర్‌ని హెచ్‌డీఎంఐ వైరుతో కలిపితే సౌండ్ ఒక్కోసారి మానిటర్‌లోకి పోతుంది. దానికి స్పీకర్ ఉండదు. ఎవరో మానిటర్ ఆపి వేసినా అట్లా మారిపోవచ్చు. పావుకంట్రోల్ అనే సౌండ్ సెట్టింగుల ప్రోగ్రామ్‌లో కాన్ఫిగరేషన్ పేజీకి వెళ్లి హెచ్‌డీఎంఐని ఆఫ్ చేసెయ్. పాత మెషిన్లే కాబట్టి వీజీఏ వైరు వాడితే ఇంకా మంచిది, అందులో సౌండ్ పోనే పోదు. లాగిన్ తెర వేరే యూజర్ కింద నడుస్తుంది కాబట్టి నీ సెట్టింగులు దానికి అందవు. అందుకని నేరుగా లాగిన్ అయ్యేట్టు పెట్టు. మ్యూట్ బటన్ ఉన్న కీబోర్డులు కొనకు, పిల్లల వేళ్లు దాని మీద పడుతూనే ఉంటాయి.

కాసేపు సౌండ్ లేకపోతే కార్డు కరెంటు ఆదా చెయ్యడానికి నిద్రపోతుంది. మళ్లీ లేచేలోపు ఓర్కా చెప్పే మొదటి అక్షరం మింగేసినట్టు పోతుంది. పాట వినేవాళ్లు గమనించరు, మాట మీద ఆధారపడిన బిడ్డకి అది చాలా చిరాకు. ఇంటెల్ హెచ్‌డీఏ డ్రైవర్‌కి పవర్ సేవ్‌ని 0 చేసి డ్రైవర్ల సెట్టింగులుండే మోడ్‌ప్రోబ్ ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టు. అప్పటికీ మింగుతుంటే వైర్‌ప్లంబర్‌లో కూడా ఖాళీగా ఉన్నప్పుడు పడుకోబెట్టే ఏర్పాటు ఉంటుంది, అదీ ఆపు.

అన్నిటికంటే ముఖ్యం, సౌండ్‌కి రెండో దారి. ఒక యూఎస్‌బీ హెడ్‌సెట్ కొని హాస్టల్‌లో ఉంచు. అందులోనే చిన్న సౌండ్ కార్డు ఉంటుంది, మదర్‌బోర్డుది పోయినా పలుకుతుంది. పెట్టగానే సౌండ్ అందులోకి మారుతుందో లేదో నువ్వుండగానే ప్రతి మెషిన్‌లో చూడు. పైప్‌వైర్‌నీ ఓర్కానీ ఆపి మళ్లీ లేపే చిన్న స్క్రిప్టు రాసి, ఒక కీబోర్డు షార్ట్‌కట్‌కి కట్టు. అది వార్డెన్‌కి కాదు, పిల్లలకి నేర్పు. మెషిన్ పలకనప్పుడు ఏ మూడు కీలు నొక్కాలో, నొక్కి ఎంతసేపు ఆగాలో వాళ్ల చేతికి తెలియాలి. బ్రెయిల్‌లో రాయించి బల్లకి అతికించు. మెషిన్ ఆగిందంటే నీ తప్పు కాదు అని మొదటి రోజే చెప్పు, మర్చిపోకు.

నువ్వు పనిలో పడితే తిండి మానేస్తావని మీ అమ్మ బాధపడింది. ఒంగోలు ఎండల్లో ఖాళీ కడుపుతో రేకుల గదిలో కూర్చుంటే ఏమవుతుందో నేను చెప్పాలా? మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు కళ్లు మూసుకుని, అప్పుడు చెయ్యి. సౌండ్ రాని మెషిన్‌తో అలిసిపోయి కుస్తీ పట్టకు. మూసేసి పొద్దున చూడు.

ప్రతి మెషిన్ వెనక వైపూ, ముందు రంధ్రాలూ ఫోటోలు తీసి పంపు. "ఎల్ఎస్‌పీసీఐ"లో ఆడియో వరుస కూడా రాసి పంపు. అవి చూశాక ఏ మెషిన్‌కి ఏ వైరు కావాలో నేను ఇక్కడ బజార్లో కొనేస్తాను. శనివారం సాయంత్రం పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి వస్తాను, పట్టకారు, టార్చి, రెండు యూఎస్‌బీ హెడ్‌సెట్లు నా సంచిలో ఉంటాయి. ఉలవపాడు మామిడికాయలు కూడా పంపుతానంటోంది మీ అత్తయ్య, పిల్లలెంతమందో చెప్పు.

ఇట్లు,
మామయ్య