నాపరాతి మీది ఆకు శిలాజమేనా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా ఇంటి అరుగుకు పరిపించడానికి బేతంచెర్ల నుంచి నాపబండలు తెప్పించాను. వాటిలో మూడింటి మీద ఫెర్న్ ఆకుల్లాంటి నల్లని అచ్చులు ఎంతో స్పష్టంగా ఉన్నాయి. ఇవి శిలాజాలేనా? నాలుగేళ్లుగా సెలవు రోజుల్లో రాళ్లు సేకరిస్తున్నాను గాని, ఇంతవరకు ఒక్క నత్తగుల్ల అచ్చు కూడా దొరకలేదు. నా వెతుకులాటలో లోపం ఎక్కడ ఉందో తెలుపగలరు.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: మీ బండల మీద ఉన్నవి ఆకుల అచ్చులు కావండి. వాటిని డెండ్రైట్లు అంటారు. రాతి పొరల నడుమ ఉండే వెంట్రుకవాసి సందుల్లోకి మాంగనీసు, ఇనుము కరిగిన నీరు చేరినప్పుడు, ఆ లోహాల ఆక్సైడులు అక్కడ మెల్లగా పేరుకుంటూ, పేరుకున్నకొద్దీ కొమ్మలుగా, రెమ్మలుగా చీలిపోతాయి. మా ఇంటి వసారాలో పరిచిన బండలోనూ ఇలాంటి చెట్టు ఒకటి ఉండేది. అది నిజమైన మొక్కేనని చిన్నతనంలో గట్టిగా నమ్మినవాణ్ణి గనుక, మీ ప్రశ్న చదివినప్పుడు మీ ఆశ నాకు బాగా అర్థమైంది.

తేడాను మీరే పరీక్షించి చూడవచ్చు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం తీసుకుని, ఎండ ఏటవాలుగా పడే వేళ బండను పరిశీలించండి. నిజమైన ఆకు అచ్చులో నడి ఈనె, దాని నుంచి ఒక క్రమంలో చీలే పిల్ల ఈనెలు, ఆకు అంచు కనిపిస్తాయి. డెండ్రైటులో ఈనె ఉండదు, అంచు ఉండదు. చాలాసార్లు కొమ్మలన్నీ రాతిలోని ఒక పగులు గీత దగ్గర మొదలై లోపలికి విసనకర్రలా పరుచుకుంటాయి. అది రాతి ముఖం మీద పలుచని పూత మాత్రమే.

అయితే భూతద్దం కంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఈ రాయి వయసెంత? శిలాజాలను నేర్చుకోదలచిన ఔత్సాహికుడు అన్నిటికంటే మొదట అలవరచుకోవలసింది ఈ ప్రశ్ననేనని నా దృఢమైన అభిప్రాయం. మీ నాపరాయి భూవిజ్ఞానులు కర్నూలు సముదాయం అని పిలిచే శిలల్లోని సున్నపురాయి. ఈ శిలలు కేంబ్రియన్ యుగానికి ముందువి, అంటే 54 కోట్ల ఏళ్ల కంటే పాతవి. ఫెర్న్ మొక్కలు భూమి మీదికి వచ్చింది గత 40 కోట్ల ఏళ్లలోపే. నత్తలకు, ఆలుచిప్పలకు గట్టి గుల్లలు ఏర్పడిందీ కేంబ్రియన్ నుంచి మొదలైన కాలంలోనే. కాబట్టి లోపం మీ వెతుకులాటలో లేదు. ఆ జీవులు పుట్టకముందే గట్టిపడిన రాతిలో మీరు వాటి కోసం వెతికారు, అంతే.

భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ తన భూకోశ్ పోర్టల్‌లో భూగర్భ పటాలను అందుబాటులో ఉంచింది. ఇకమీదట సెలవు రోజున బయలుదేరే ముందు, వెళ్లబోయే ఊరి కింద ఏ శిల ఉందో, అది ఏ కాలానిదో ఆ పటంలో చూసుకోండి. ఈ ఒక్క అలవాటుతో మీ నాలుగేళ్ల శ్రమలో సగం ఆదా అయ్యేది. ఆ మూడు బండలను మాత్రం పారేయకండి. వాటి మీద “డెండ్రైట్, మాంగనీసు ఆక్సైడు” అని చీటీ అంటించి సేకరణలోనే ఉంచండి. శిలాజం కానిదాన్ని గుర్తుపట్టడం నేర్పే నమూనా కూడా విలువైనదే.

ప్రశ్న: మా ఊరి గుట్టల్లోని రాళ్లలో ఉల్లిపాయను కోసినట్టు పొరలు పొరలుగా గుండ్రని ఆకారాలు కనిపిస్తున్నాయి. ఇవి స్ట్రోమటోలైట్లని మా అధ్యాపకులు చెప్పారు. కాని మా మిత్రుడు చూపించిన మరో గుండ్రని నల్లరాయి కూడా ఇలాగే పొరలుగా ఊడుతున్నది. రెండింటినీ వేరు చేయడం ఎలా? ఒక ముక్క పగులగొట్టి ఇంటికి తెచ్చుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, వేంపల్లె

జవాబు: అమ్మా, మీరు నిలబడిన చోటు సామాన్యమైనది కాదు. 1872లో విలియం కింగ్ అనే భూవిజ్ఞాని కడప, కర్నూలు శిలల మీద తన గ్రంథాన్ని వెలువరించినప్పుడు, ఆ శిలాసముదాయాలకు పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణా అని మన నదుల, కొండల పేర్లే పెట్టాడు. మీ ఊరి పేరు వేంపల్లె శిలలకు స్థిరపడి, ఈనాటికీ ప్రపంచమంతటా భూవిజ్ఞానుల వ్యాసాల్లో కనిపిస్తున్నది. మీరు చూసిన స్ట్రోమటోలైట్లు ఆ వేంపల్లె డోలమైటులోనివి, అంటే సున్నపురాయిని పోలిన, మెగ్నీషియం కలిసిన రాతిలోనివి. వాటి వయసు సుమారు 190 కోట్ల ఏళ్లు. అప్పటికి జంతువులు లేవు, మొక్కలు లేవు. లోతు తక్కువైన సముద్రపు అంచున నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు, అంటే సయనోబాక్టీరియా, జిగురు తివాచీలా పరుచుకుని ఉండేవి. నీటిలో కొట్టుకొచ్చిన సన్నని ఒండ్రు ఆ జిగురుకు అంటుకునేది. వెలుతురు కోసం జీవులు ఆ ఒండ్రు మీదికి పాకి కొత్త తివాచీ వేసేవి. అలా పొర మీద పొర పేరుకుని గుబ్బలుగా, స్తంభాలుగా ఎదిగినవే ఇవి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బే తీరంలో ఇటువంటివి ఇప్పటికీ సజీవంగా పెరుగుతున్నాయి.

ఇక వేరు చేయడం. మీ మిత్రుడు చూపించినది బహుశా డోలరైటు గుండు కావచ్చు. మీ ప్రాంతపు శిలల్లోకి భూగర్భం నుంచి చొచ్చుకొచ్చి గట్టిపడిన శిలాద్రవం అది. ఎండకు వానకు దాని గుండ్లు పైపొట్టు ఊడుతూ అరుగుతాయి. అక్కడ పొర గుండు చుట్టూ, కింద భాగంలో కూడా తిరిగి ఉంటుంది. స్ట్రోమటోలైటును నిలువుకోతలో చూస్తే, గిన్నెలను బోర్లించి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుగా పొరలన్నీ పైకే ఉబ్బి ఉంటాయి. ఒక గుబ్బ మీది పొర పక్క గుబ్బ మీదికి సాగిపోవడమూ కనిపించవచ్చు. అడ్డుకోతలో మాత్రం అదే గుబ్బ గుండ్రని వలయాలుగా కనిపించి మనల్ని తికమకపెడుతుంది. అందుచేత ఒకే ముఖాన్ని చూసి తీర్పు చెప్పకండి, రాయి చుట్టూ తిరిగి రెండు మూడు ముఖాలు చూడండి. పొరలు ఉబ్బిన దిక్కే ఒకప్పటి పైదిక్కు కనుక, కొండ పొరలు తలకిందులైన చోట అసలు పైభాగం ఏదో చెప్పడానికి కూడా ఇవి పనికొస్తాయి.

ముక్క తెచ్చుకోవడం గురించి నా మాట కాస్త కఠినంగా ఉంటుంది. పరుపురాతిలో నిలిచి ఉన్న గుబ్బ మీద సుత్తి వేయకండి. అది 190 కోట్ల ఏళ్లుగా ఉన్నచోటనే ఉన్నది. అక్కడ ఉన్నంతవరకే దాని కింద ఏ పొర ఉందో, పైన ఏ పొర ఉందో, పక్క గుబ్బ ఎంత దూరంలో ఉందో చదవగలం. పగిలి అల్మరాలోకి చేరిన మరుక్షణం అందులో ముప్పాతిక చరిత్ర పోతుంది. నమూనా కావాలనుకుంటే, ఆ పరుపురాతి పాదంలోనే రాలిపడిన ముక్కను స్థల యజమాని అనుమతితో తీసుకోండి. రక్షిత అడవిలోగాని, అభయారణ్యంలోగాని అయితే అదీ వద్దు. గనుల్లోకి గనిదారు అనుమతి లేకుండా వెళ్లడం చట్టరీత్యా తప్పు మాత్రమే కాదు, పేలుళ్లు జరిగే చోట ప్రాణాపాయం కూడా.

రాయి కంటే ముందు నోటుపుస్తకం నింపండి. పక్కన స్కేలు పెట్టి మొదట దూరం నుంచి, తరువాత దగ్గర నుంచి ఫొటో తీయండి. ఫోనులో కనిపించే అక్షాంశ రేఖాంశాలను, తేదీని, రాయి పరుపులోనే ఉన్నదా, రాలిపడినదా అన్న సంగతిని రాయండి. తెచ్చిన ముక్క మీద మూలగా వైట్‌నర్ చుక్క పెట్టి, ఆరాక సంఖ్య వేసి, అదే సంఖ్యను పుస్తకంలో ఎక్కించండి. పాపాఘ్ని ఇసుకలో దొరికిన రాయి ఎంత అందమైనదైనా, ఏటి వరద దాన్ని ఎక్కడి నుంచి తెచ్చిందో తెలియదు. “ఏటిలో దొరికినది” అని నిజాయితీగా రాసుకోండి. యోగి వేమన విశ్వవిద్యాలయంలోని భూవిజ్ఞాన విభాగం వారికి చూపించదలచినప్పుడు, ఊరూ పేరూ లేని పది రాళ్ల కంటే ఇలా నమోదైన ఒక్క రాయికే వారు ఎక్కువ సమయం ఇవ్వగలరు.

ప్రశ్న: నిజమైన ఎముకలు, గుల్లలు శిలాజాలుగా చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి? మన వైపు గుహల్లో ఎముకలు దొరికాయని విన్నాను. మేము తవ్వి చూడవచ్చా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: విన్నది నిజమే. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880లలో భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ తవ్వకాలు జరిపి పెద్ద సంఖ్యలో జంతువుల ఎముకలు వెలికి తీశారు. వాటిని శిలాజ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ లిడెక్కర్ 1886లో వర్ణించాడు. ఇప్పుడు మన ప్రాంతంలో లేని ఖడ్గమృగం ఎముకలు వాటిలో ఉన్నాయి. మొదటి ప్రశ్నలో సున్నపురాయి అంత పాతదంటిరి, అందులో ఖడ్గమృగం ఎలా వచ్చిందని మీరు అడగవచ్చు. గుహ గోడ పాతది, గుహలో చేరిన మట్టి కొత్తది. ఎముకలు ఆ మట్టిలోనివి. సున్నం కలిసిన మట్టిలో ఆమ్లగుణం ఉండదు కనుక ఎముక అక్కడ చాలాకాలం నిలుస్తుంది. ఇటీవలి శాస్త్రజ్ఞులు అవే గుహలకు తిరిగి వెళ్లి పొరల వయసు కట్టి, గత 2 లక్షల ఏళ్లలో అక్కడి జంతుజాతులు చాలావరకు అంతరించకుండా నిలిచాయని 2014లో తేల్చారు.

తవ్వడం మాత్రం మీ పని కాదు, నా పనీ కాదు. ఒక్క గడ్డపార పోటుతో వేల ఏళ్ల పొరలు కలిసిపోతే, ఆ తరువాత ఏ శాస్త్రజ్ఞుడూ వాటిని విడదీయలేడు. నేల మీద ఎముక కనిపిస్తే కదపకుండా ఫొటో తీసి, స్థలం గుర్తు పెట్టుకుని, పురావస్తు శాఖకుగాని, అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగానికిగాని తెలియజేయండి.

చూడడానికైతే హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంకు వెళ్లండి. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అస్థిపంజరాన్ని అక్కడ నిలబెట్టారు. అది జురాసిక్ కాలపు డైనోసార్. గుల్లల మీద మక్కువ ఉంటే తమిళనాడులోని అరియలూరు ప్రాంతానికి వెళ్లవచ్చు; అక్కడి పేరుపొందిన అమ్మోనైట్లు, అంటే చుట్టలు తిరిగిన గుల్లలున్న, అంతరించిన సముద్రజీవులు, జురాసిక్ తరువాతి క్రెటేషియస్ కాలానివి. రాజమహేంద్రవరం దగ్గర కాతేరులో లావా పొరల మధ్య చిక్కిన గుల్లల పొర సుమారు 6.5 కోట్ల ఏళ్లనాటిది. ఎక్కడికి వెళ్లినా భూతద్దంతో పాటు మీ నోటుపుస్తకం తీసుకెళ్లి, ఒక్కొక్క గుల్ల బొమ్మను చేత్తో గీయండి. ఫొటో తీసినప్పుడు తప్పిపోయే గీతలు, మడతలు గీసేటప్పుడు కంటికి తగులుతాయి.