పాత వంతెన మీదుగా ప్రొక్లెయిన్‌ను దాటించవచ్చా?

ప్రశ్న: మాకు 20 టన్నుల ప్రొక్లెయిన్ (మట్టి తవ్వే ఎక్స్‌కవేటర్) ఉంది. దానిని లోబెడ్ (నేలకు దగ్గరగా ఉండే) ట్రెయిలర్ మీద గుణుపురం వైపు పనులకు పంపుతుంటాము. దారిలో ఒక పాత వంతెన దగ్గర 18 టన్నులని బోర్డు ఉంది. వేగంగా పోతే బరువు పడదని, లేదంటే యంత్రాన్ని దించి నడిపించవచ్చని డ్రైవర్లు అంటున్నారు. రైల్వే గేటు దగ్గర పైనున్న ఇనుప కమ్మీకి యంత్రం బూమ్ (పొడవైన చేయి) తగిలేలా ఉంటే టైర్లలో గాలి తీస్తే చాలంటున్నారు. ఈ మాటలు నమ్మవచ్చా?
— ఒక పాఠకుడు, రాయగడ (ఒడిశా)

జవాబు: మూడింటిలో ఏదీ నమ్మదగినది కాదు. వేగం పెరిగేకొద్దీ చక్రాలు గతుకుల మీద ఎగిరిపడి, వాహనం అసలు బరువును మించిన దెబ్బ వంతెనకు తగులుతుంది; వంతెనల రూపకల్పనలో ఈ అదురు కోసం అదనపు భారాన్ని లెక్కలో కలపడం అందుకే. బోర్డు మీది 18 టన్నులు యంత్రానికి మాత్రమే కాదు, పుల్లర్ (ట్రెయిలర్‌ను లాగే బండి), ట్రెయిలర్, యంత్రం అన్నీ కలిసిన బరువుకు వర్తిస్తాయి. మీ బండి మొత్తం 30 టన్నులు దాటుతుంది. యంత్రాన్ని దించి నడిపించినా, 20 టన్నులు పరిమితికి మించినవే. పైగా ట్రెయిలర్ మీద పొడవునా ఇరుసులకు పంచుకుపోయే బరువు, చెయిన్ల మీద నడిచేటప్పుడు సుమారు 4 మీటర్ల నిడివిలోనే పడుతుంది కనుక, చిన్న కల్వర్టులకు అది మరింత కీడు. 2020 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని మున్సియారీ దగ్గర ఎక్స్‌కవేటర్‌ను మోసుకెళుతున్న లారీ దాటుతుండగానే బెయిలీ వంతెన (ఉక్కు భాగాలను జోడించి కట్టేది) కూలి, ఇద్దరు గాయపడ్డారు. కాబట్టి వేరే దారి చూసుకోవాలి, లేదా రోడ్లు-భవనాల శాఖ ఇంజినీరు రాతపూర్వకంగా అనుమతిస్తేనే వెళ్లాలి.

ఎత్తు విషయంలో బండి కదలక ముందే, బూమ్‌ను పూర్తిగా దించి గొలుసులతో కట్టించి, అన్నిటికంటే ఎత్తైన చోట టేపుతో కొలిపించండి. రోడ్డు మీద కొత్త తారు పొరలు పడ్డాక కూడా పాత అంకెతోనే నిలిచిన బోర్డులు ఉంటాయి. అండర్‌బ్రిడ్జి కింద రోడ్డు పల్లంగా ఉంటే, పొడవైన ట్రెయిలర్ ముందు వెనుక చక్రాలు రెండు వైపులా గట్టున నిలిచి, నడుమ భాగం పైకప్పుకు దగ్గరవుతుంది. 2013లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాగిట్ నది వంతెనపై, ఎత్తైన సరుకుతో వెళ్తున్న లారీ పైనున్న ఉక్కు కమ్మీలను ఢీకొట్టడంతో వంతెన ఒక భాగం నదిలో పడింది. ముందు వెళ్లిన పైలట్ బండికి ఎత్తు కొలిచే గెడ కట్టి ఉన్నా ప్రమాదం తప్పలేదు. ఆ కమ్మీలు విల్లులా వంగి ఉండడం వల్ల అంచు వరుసలో ఎత్తు తక్కువ. లారీ వెళ్లింది ఆ వరుసలోనే.

రైల్వే గేటు కమ్మీ అక్కడ ఉన్నది 25,000 వోల్టుల తీగ నుంచి మిమ్మల్ని కాపాడడానికి. గాలి తీస్తే నాలుగు వేళ్ల ఎత్తు తగ్గుతుందేమో గాని, బరువు మోస్తున్న టైర్లు వేడెక్కి పగులుతాయి, లోబెడ్ పొట్ట పట్టాల మిట్టకు ఆనుకుని బండి అక్కడే ఇరుక్కుపోవచ్చు. కమ్మీ దాటని బండిని గేటు దాకా తీసుకుపోకుండా, ముందే రైల్వే అధికారులను కలిసి తీగలో విద్యుత్తు నిలిపే ఏర్పాటు కోరండి. ఒకవేళ తీగ తగిలితే, మంట లేనంతవరకు డ్రైవరు క్యాబిన్‌లోనే ఉండాలి, ఎవరూ బండి దగ్గరికి పోకూడదు, గేట్‌మన్ ద్వారా వెంటనే స్టేషన్‌కు కబురు పంపించి రైళ్లను ఆపించాలి.