ఏ దేశం ఎంత చేప పట్టాలో ఐరోపా ప్రభుత్వాలు ఎలా తేల్చుకుంటాయి?

యూరోపియన్ యూనియన్‌లో వాటాల శాతం మీద ఏటా బేరం ఉండదు. అది 1983లోనే తేలింది. 1973–78 మధ్య ఎవరి పడవలు ఎంత పట్టాయన్నది ప్రధాన ఆధారం. డిసెంబరులో మత్స్యశాఖ మంత్రులు తెల్లవార్లూ వాదించుకునేది ఆ ఏడాది ఒక్కో జాతిని మొత్తం ఎన్ని టన్నులు పట్టవచ్చన్న దాని మీదే.

ముందు కోపెన్‌హాగెన్‌లోని ఐసీఈఎస్ (అంతర్జాతీయ సముద్ర పరిశోధన మండలి) శాస్త్రవేత్తలు జాతివారీగా, సముద్ర ప్రాంతాలవారీగా సలహా ఇస్తారు. దాన్నిబట్టి యూనియన్ కార్యనిర్వాహక సంస్థ అయిన యూరోపియన్ కమిషన్ అంకె ప్రతిపాదిస్తుంది. మంత్రుల ఓటింగ్‌లో అది నెగ్గడానికి 55 శాతం దేశాల మద్దతు కావాలి, ఆ దేశాల్లో యూనియన్ జనాభాలో 65 శాతం ఉండాలి. ఈ అంకెల మీద యూరోపియన్ పార్లమెంటుకు ఓటు లేదు.

అసలు చిక్కు ఒకే వలలో పలు జాతులు పడే కలగలిసిన వేటలో వస్తుంది. కోటా ఉన్న చేపను, కొన్ని మినహాయింపులు తప్ప, తిరిగి సముద్రంలో పారేయకూడదు. 2019 నుంచి ఇది పూర్తిగా అమలులో ఉంది. కాబట్టి కాడ్ అనే చేప కోటా అయిపోతే, అదే వలలో పడే హాడాక్ చేప కోటా ఎంత మిగిలున్నా పడవ ఆగాల్సిందే. అందుకే దేశాలు కోటాలు మార్చుకుంటాయి. సమావేశం కంటే ఈ మారకాలే చాలాసార్లు ఎక్కువ పనికొస్తాయి.

యూనియన్ బయటి దేశాలతో మరీ కష్టం. మాకరెల్ చేప విషయంలో నార్వే, ఐస్‌లాండ్, ఫారో దీవులతో ఏళ్ల తరబడి మొత్తం పరిమితి కుదిరింది గానీ వాటాలు కుదరలేదు. ఎవరికి వారు కోటా రాసుకునేసరికి కూడిక శాస్త్రీయ సలహాను దాటిపోయింది.