చెస్ ప్రాబ్లమ్ సాల్వింగ్ రేటింగ్: కావలి నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. టోర్నమెంట్లు ఆడడం కంటే చెస్ ప్రాబ్లమ్స్ (బోర్డు మీద ఇచ్చిన స్థితి నుంచి ఇన్ని ఎత్తుల్లో చెక్‌మేట్ చేయమనేలాంటి పజిల్స్) సాల్వ్ చేయడమే వాడికి ఇష్టం. దానికీ రేటింగ్ ఉంటుందట. నిజమేనా? ముందుముందు పనికొస్తుందా?

జవాబు: నిజమేనండీ. అయితే ఇది అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే ఇచ్చే ఆట రేటింగ్ కాదు. ప్రపంచ చెస్ కంపోజిషన్ సమాఖ్య విడిగా ఇచ్చేది. ఆటలో 1800 ఉన్నా ఇక్కడ మొదటి నుంచి తెచ్చుకోవాల్సిందే.

ఇందులో ఎదుటి ఆటగాడు ఉండడు. అందరికీ ఒకే పేపర్. రేటింగ్ ఉన్నవాళ్లు ఆ పేపర్లో ఎన్ని పాయింట్లు తెచ్చుకున్నారు, వాళ్ల సగటు రేటింగ్ ఎంత అన్నదానితో మీవాడి పాయింట్లను పోలుస్తారు. అందుకే కష్టమైన పేపర్లో 25 వచ్చినా రేటింగ్ పెరగొచ్చు, సులువైన పేపర్లో 40 వచ్చినా తగ్గొచ్చు.

మొదలుపెట్టడానికి తగినది ఇంటర్నేషనల్ సాల్వింగ్ కాంటెస్ట్. ఏటా జనవరిలో, చాలా దేశాల్లో ఒకే రోజు జరుగుతుంది. ప్రధాన విభాగంలో 2 రౌండ్లు, ఒక్కొక్కటి 2 గంటలు, 6 ప్రాబ్లమ్స్. ప్రాబ్లమ్‌కి 5 చొప్పున మొత్తం 60. కొత్తవాళ్లకు సులువైన విభాగం వేరే ఉంది, అందులో చేర్చండి. నెల్లూరులోనో ఒంగోలులోనో సెంటర్ ఉంటుందనుకోకండి. ఎక్కడ పెడుతున్నారో డిసెంబరులోపే కనుక్కోండి.

పాయింట్లు పోయేది ఎక్కువగా రాయడంలోనే. రెండెత్తుల ప్రాబ్లమ్‌కి, అంటే తెలుపు రెండో ఎత్తుకే చెక్‌మేట్ చేయాల్సినదానికి, మొదటి ఎత్తు (దాన్నే కీ అంటారు) ఒక్కటి రాస్తే 5 వస్తాయి. మూడెత్తులకు అది చాలదు: బెదిరింపు (నలుపు అడ్డుకోకపోతే తెలుపు తర్వాత ఆడబోయేది), నలుపు ముఖ్యమైన ప్రతి జవాబుకూ తెలుపు రెండో ఎత్తు కూడా రాయాలి. హెల్ప్‌మేట్‌లో నలుపే ముందు ఆడుతుంది, తెలుపుకు సాయం చేసి తన రాజుకే చెక్‌మేట్ చేయించుకుంటుంది. రెండు పరిష్కారాలు అడిగితే ఒక్కటే రాసినవాడికి సగమే. ఇక రెండెత్తుల్లో దెబ్బతీసేది 'ట్రై': అన్ని జవాబులకూ చెక్‌మేట్ అయినట్టే ఉంటుంది, ఒక్క ఎత్తుతో నలుపు తప్పించుకుంటుంది. దొరికిన కీని నమ్మేముందు నలుపు ఎత్తులన్నీ వరుసగా సరిచూడాలి. బల్ల మీద బోర్డు పెట్టుకుని పావులు కదపొచ్చు, ఫోన్ మాత్రం కుదరదు. ఈ పేపర్లలో గుర్రాన్ని 'ఎన్' అని కాక 'ఎస్' అని రాయడం మామూలు, ముందే అలవాటు చేయించండి.

ఇంట్లో పాత కాంటెస్ట్ పేపర్లు గడియారం పెట్టి చేయించండి. ఆ తర్వాతే పొపాయ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సరిచూసుకోమనండి. వారానికి 4 గంటలు చాలు.

ఉద్యోగం మాటకొస్తే, దీన్నే నమ్ముకోవద్దు. స్పోర్ట్స్ కోటాలో సాల్వింగ్ లెక్కలోకి వస్తుందో లేదో ఆ నోటిఫికేషన్‌లోని పోటీల జాబితా చూసి, జిల్లా క్రీడా ప్రాధికార సంస్థలో రాతపూర్వకంగా అడగండి. 2004, 2007, 2010లో ప్రపంచ సాల్వింగ్ ఛాంపియన్ అయిన జాన్ నన్ ఆక్స్‌ఫర్డ్‌లో గణితంలో డాక్టరేట్ చేసిన మనిషి. చదువు, సాల్వింగ్ రెండూ ఆయన దగ్గర కలిసి నడిచాయి. మీవాడు వచ్చే ఏడాది సెకండ్ ఇయర్. జనవరి కాంటెస్ట్ తర్వాత ప్రాక్టికల్స్ ఎంతో దూరంలో ఉండవు కాబట్టి, ఆ ఏడాది సాధన దసరా సెలవుల్లోపే ఎక్కువగా పూర్తిచేసుకోమనండి.