మైలేజీ పడిపోతే ముందు చక్రాలు చూడండి

లీటరుకి 18 ఇచ్చే ఆల్టో ఇప్పుడు 14 దాటట్లేదు, ఇంజను విప్పించాలా అని అడిగారు కదండీ. అప్పుడే వద్దు. అమలాపురం నుంచి రావులపాలెం వైపు ఓ పది కిలోమీటర్లు నడిపి, గట్టిగా బ్రేకు కొట్టకుండా ఆపండి. దిగి ఒక్కో చక్రం దగ్గర, తగలకుండా, చెయ్యి పెట్టి చూడండి. అవతలి వైపు జోడీ చక్రం కంటే ఒకటి బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోందన్నమాట. మన కోనసీమ వానల్లో హ్యాండ్‌బ్రేకు వేసి రోజుల తరబడి వదిలేస్తే వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములకి, లోపల వాటిని ఒత్తి ఆపే బ్రేకు షూలు తుప్పుకి అతుక్కుంటాయి. శుభ్రం చేయించి సర్దిస్తే చాలు. టైర్లలో గాలి డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద రాసినంత, చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి. ఎయిర్ ఫిల్టరు మార్పిస్తే మైలేజీ పెరుగుతుందని మరీ ఆశ పెట్టుకోకండి. ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుతో కాస్త తగ్గే మాట నిజమే గానీ, ఏకంగా నాలుగు కిలోమీటర్లు తగ్గదండీ.