రెజిన్ చేతికంటితే అసిటోన్‌తో కడగొద్దు!

ప్రశ్న: నా వయసు 31. విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఫైబర్ బోట్లు చేసే షెడ్డులో పనిచేస్తున్నాను. కొన్ని నెలలుగా వేళ్ల సందుల్లో, మణికట్ల మీద ఎర్రగా దద్దుర్లు లేచి ఒకటే దురద. ఈమధ్య కనురెప్పలూ వాస్తున్నాయి. పండక్కి ఊరెళ్తే తగ్గింది, పనిలోకి రాగానే మళ్లీ మొదలైంది. ఉక్కపోతకు గ్లౌజులు వేసుకోలేను. చేతులకు అంటిన జిగురు రెజిన్‌ను అసిటోన్‌తో కడుక్కుంటాను. ఏం చేయాలి?
- ఓ పాఠకుడు, జాలారిపేట

సలహా: పని మానితే తగ్గి, వెళ్లగానే తిరగబెడుతోందంటే ఇది రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ల వల్ల వచ్చే కాంటాక్ట్ డెర్మటైటిస్ (పడని పదార్థం తగిలి వచ్చే చర్మవాపు) అయ్యుండొచ్చు. కనురెప్పల చర్మం చాలా పల్చన. జిగురు చేత్తో ముఖం తుడుచుకున్నా, షెడ్డులో ఆవిరి తగిలినా వాచిపోతాయి.

ముందు అసిటోన్‌తో చేతులు కడగడం ఈరోజే ఆపేయండి. అది చర్మంలోని నూనెనంతా లాగేస్తుంది. ఎండి పగిలిన ఆ చర్మంలోకి రెజిన్ ఇంకా తేలిగ్గా దిగుతుంది. అంటిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి, సబ్బునీళ్లతో కడుక్కోండి. గట్టిపడకముందైతే కాస్త కొబ్బరినూనె రాసి తుడిచినా వదులుతుంది.

గ్లౌజులు నైట్రైల్‌వి కొనండి. లోపల పల్చటి నూలు గ్లౌజులు వేసుకుంటే చెమట పీల్చుకుంటాయి. పల్చటి నైట్రైల్ గుండా కూడా పాలిస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ అనే రసాయనం కొద్దిసేపట్లోనే లోపలికి దిగుతుంది. కాబట్టి తడిసిన జత తడిసినట్టే తీసి పారేయాలి. పొదుపు చేయాల్సిన చోటు ఇది కాదు. ఫుల్ హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, చేతి అంచు మీదుగా గ్లౌజు లాగి టేపు చుట్టండి. ఫైబర్ మ్యాట్ కోసేటప్పుడు, గ్రైండింగ్ చేసేటప్పుడు రేగే గాజునూలు ముక్కలు ఎక్కువగా గుచ్చుకునేది మణికట్టు దగ్గరే. ఒంటి మీద పడితే రుద్దకుండా చన్నీళ్లు పోయండి. ఆ బట్టలతో ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకోవద్దు, వాటిని విడిగా ఉతకాలి.

ముఖానికి చుట్టుకునే తువ్వాలు స్టైరీన్ ఆవిరిని ఆపలేదు. ఆ ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున నిలిచిపోతుంది. లోపలికి దిగి పనిచేసేటప్పుడు రసాయన ఆవిరిని వడకట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి మాస్కు, బయటికి గాలి లాగే ఫ్యాను తప్పనిసరి.

మందుల షాపులో ఏదో స్టెరాయిడ్ ట్యూబు కొని కనురెప్పలకు రాయకండి, కళ్లకే ముప్పు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) చర్మవ్యాధుల ఓపీలో చూపించుకోండి. డబ్బాల మీది లేబుళ్లు ఫోన్‌లో ఫొటో తీసి తీసుకెళ్తే ఏ పదార్థం పడదో చర్మం మీద పెట్టి చూసే ప్యాచ్ టెస్టుకు ఉపయోగపడతాయి. ఎపాక్సీ రకం రెజిన్ అలర్జీ అని తేలితే మాత్రం అది సాధారణంగా జీవితాంతం ఉంటుంది, చుక్క తగిలినా దద్దుర్లు లేస్తాయి. అప్పుడు మేస్త్రీతో మాట్లాడి రెజిన్ తగలని పనికి మారడమే మంచిది.

హార్డెనర్ కలిపేటప్పుడు కళ్లద్దాలు మరవకండి. చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. పడిందా, ఆస్పత్రికి పరుగెత్తే ముందు అక్కడికక్కడే కనీసం 15 నిమిషాలు కన్ను తెరిచి నీళ్ల ధార కింద పెట్టండి.