బేదులు పట్టిన బిడ్డకు

అమ్మీ,

ఫోన్‌లో నీ మాట సగం వినపడలేదు, అందుకే వాట్సాప్‌లో రాస్తున్నా. పాపకు పళ్లు వస్తున్నాయి, బేదులు దానివల్లే అని మీ అత్త అంటోందంట. ఎనిమిదో నెలలో పళ్లూ వస్తాయి, పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడమూ మొదలవుతుంది. కడుపు చెడేది ఆ రెండోదాంతో. ఆమెతో వాదం పెట్టుకోవద్దు గానీ, ఎవరు చెప్పినా పాలు మాత్రం ఆపొద్దు.

మన అనంతపురం ఎండల్లో బిడ్డను పడేసేది ఒంట్లోంచి పోయే నీళ్లూ ఉప్పూ. బేదులు కట్టే మందు కోసం మెడికల్ షాపుకు పరుగెత్తొద్దు, పసిబిడ్డలకు అది ప్రమాదం. పోయిన నీళ్లూ ఉప్పూ తిరిగి ఒంట్లోకి చేర్చేది ఓఆర్ఎస్, నీళ్లలో కలిపి తాగించే ఉప్పూ చక్కెర పొడి. ఆ ప్యాకెట్లు ఆశా వర్కర్‌ను అడిగినా ఇస్తుంది. నేను నర్సుగా తిరిగిన ఊళ్లన్నిట్లో చూసిందేమంటే, గ్లాసు నీళ్లలో చిటికెడు పొడి వేసి మిగతాది మడిచి దాచిపెడతారు. అట్ల చేస్తే కొలత ఉండదు. లీటరు ప్యాకెట్ అయితే పొడంతా లీటరు నీళ్లలో ఒకేసారి కలపాల. నీళ్లు తగ్గితే ఉప్పు ఎక్కువై బిడ్డకు హాని, పెరిగితే పని చెయ్యదు. చిన్న ప్యాకెట్లూ ఉంటాయి, మీద రాసిన కొలత చూసుకో. కాచి చల్లార్చిన నీళ్లే వాడు, చక్కెర వెయ్యొద్దు, 24 గంటలు దాటితే పారబొయ్యి.

బేది అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో నిదానంగా. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టు. అంగట్లో పండ్ల రుచితో డబ్బాల్లో అమ్మే తియ్యటి నీళ్లు ఓఆర్ఎస్ కాదు. వాటి పేరులో ఆ మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది కూడా.

జింకు మాత్ర రోజుకు 20 మిల్లీగ్రాములు, చెంచాడు నీ పాలలో కరిగించి 14 రోజులు వెయ్యాల. రెండో రోజుకే తగ్గినా మానొద్దు. మెత్తటి పెసరపప్పన్నం, పెరుగన్నం, అరటిపండు తిన్నంత పెట్టు. వసకొమ్ము అరగదీసి నాకించడం, ఆముదం పట్టడం వద్దు. ఆ సానరాయి ఎప్పుడు కడిగారో ఎవరికి తెలుసు!

రోటావైరస్ చుక్కలు 6, 10, 14 వారాలకు వేయించావు కదా, మంచిదైంది. అవి పడినా బేదులు అసలే రావని కాదు, ప్రాణం మీదికి వచ్చేవి తగ్గుతాయి.

బేదిలో రక్తం కనపడినా, వాంతి ఆకుపచ్చగా అయినా, కళ్లు గుంటలు పడినా, ఆరు గంటలు ఉచ్చ పొయ్యకపోయినా, పాలు తాగకుండా మగతగా పడున్నా ఇంట్లో కూర్చోవద్దు. కాళ్లు కడుపులోకి ముడుచుకుని ఆగి ఆగి గట్టిగా ఏడ్చినా అంతే, పేగులో పేగు దూరుకుని ఉండొచ్చు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పోండి, అర్ధరాత్రైనా సరే.

పాలసీసా ఉంటే తీసేయి, గిన్నె చెంచా చాలు. పాప ఉచ్చ ఎన్నిసార్లు పోసిందో రాత్రికి మెసేజ్ పెట్టు.

మీ పెద్దమ్మ